లడ్డు తుమ్ముతోంది సరే, ఆ సిరప్ మాత్రం వెయ్యకండి

ప్రశ్న: మాది రాజమండ్రి. మా బాబు పోరు పెట్టి మరీ కొనిపించుకున్న గినీ పిగ్స్ రెండున్నాయి, లడ్డు, బూందీ. రెండూ ఆడవే, ఏడాదిన్నర వయసు. మూడు రోజులుగా లడ్డు తుమ్ముతోంది. ముక్కు తడిగా ఉంటోంది, కళ్లకి పుసి కడుతోంది, బొచ్చు ఉబ్బించుకుని మూలన కూర్చుంటోంది. గడ్డి ముట్టడం లేదు కానీ కీరదోస ముక్క పెడితే తింటోంది. సెలవులకి మా ఆడపడుచు వాళ్లు వచ్చి వెళ్లారు, వాళ్ల ల్యాబ్రడార్‌కి అప్పుడు బాగా దగ్గు. మా అత్తగారు వాము వేసి సాంబ్రాణి పొగ పట్టారు. మెడికల్ షాపు అబ్బాయి చిన్నపిల్లల అమాక్సిసిలిన్ సిరప్ ఇచ్చి రెండు చుక్కలు వెయ్యమన్నాడు, ఇంకా వెయ్యలేదు. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో "మేం కుక్కల్ని, పిల్లుల్నే చూస్తాం" అన్నారు. ఇది మామూలు జలుబేనా? సిరప్ వెయ్యొచ్చా? బూందీని వేరు చెయ్యాలా? బాబుకి అంటుకుంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: సిరప్ ఇంకా వెయ్యలేదన్నారు చూడండి, మీ ఉత్తరంలో నాకు ఊరట కలిగించిన మాట అదొక్కటే. వెయ్యకండి. రెండు చుక్కలు కాదు, అర చుక్క కూడా వద్దు. సీసా తీసి మీ బాబుకి గానీ ఇంట్లో ఇంకెవరికి గానీ "పాపం, కొంచెం వేద్దాం" అనిపించని చోట పెట్టేయండి. కారణం కింద చెబుతాను. ముందు చేయాల్సిన పని, లడ్డుని ఈ రోజే ఎవరో ఒక పశువైద్యుడికి చూపించడం. రేపు చూద్దాం, ఆదివారం వెళ్దాం అనుకునే జబ్బు కాదిది.

మామూలు జలుబేనా అంటే, కాదు. మనకి జలుబు చేస్తే ముక్కు దిబ్బడేసినా నోటితో ఊపిరి పీల్చుకుంటూ నాలుగు రోజులు ఈడ్చుకొస్తాం. గినీ పిగ్‌కి ఆ వీలు లేదు. దాని మెత్తని అంగిలి నాలుక మొదట్లో అతుక్కుని ఉంటుంది, మధ్యలో చిన్న రంధ్రమే ఉంటుంది, కాబట్టి అది ఊపిరి తీసుకునేది ముక్కుతోనే. ఆ ముక్కు చీమిడితో మూసుకుపోతే రెండో దారి లేదు. గినీ పిగ్ నోరు తెరిచి గాలి పీలుస్తోందంటే పరిస్థితి చెయ్యి దాటుతోందని అర్థం, అర్ధరాత్రయినా సరే పరుగెత్తాలి. పైగా ఇవి అడవిలో వేటకి బలయ్యే జాతి, ఒంట్లో బాగోకపోయినా చివరిదాకా బయటపడనివ్వవు. మీకు మూడు రోజుల నుంచి కనబడుతోందంటే లోపల అంతకుముందే మొదలై ఉంటుంది.

అలాగని ప్రతి తుమ్ముకీ హడలిపోనక్కర్లేదు. గడ్డిలో దుమ్ము పోయి ఒకటో రెండో తుమ్మడం మామూలే. అప్పుడప్పుడు కళ్లలోంచి పాలలాంటి తెల్లటి ద్రవం వస్తుంది, దాన్ని ముందు కాళ్లతో ముఖమంతా పులుముకుని శుభ్రం చేసుకుంటుంది, అదీ మామూలే. మీరు రాసింది మాత్రం ఆ రకం కాదు. ముక్కు తడి, ఎండి అట్టకట్టే పుసి, బొచ్చు ఉబ్బించుకుని ముడుచుకుని కూర్చోవడం, గడ్డి మానేయడం, ఈ నాలుగూ కలిశాయంటే ఛాతీలో ఇన్ఫెక్షన్ ఉందనే అనుకుని కదలాలి. ముందు కాళ్ల లోపలివైపు చూడండి, అక్కడ బొచ్చు తడిసి అట్టకట్టి ఉంటే ముక్కు కారేది తుడుచుకుంటోందన్నమాట. చెవి దగ్గర పెట్టుకుని వినండి, పిల్లికూతలు గానీ చిటచిటమనే చప్పుడు గానీ వినబడితే డాక్టరుకి ఆ మాట చెప్పండి. ఊపిరి లెక్కపెట్టమని కొందరు చెబుతారు, నిమిషానికి 40 నుంచి 100 దాకా మామూలే కాబట్టి ఆ అంకె వల్ల మీకు పెద్దగా తెలిసేదేమీ ఉండదు. ఊపిరికి కష్టపడుతోందా లేదా అన్నది చూడండి. డొక్కలెగరేస్తోందా, ముక్కుపుటాలు అదురుతున్నాయా, ప్రతి శ్వాసకీ తల పైకి లేస్తోందా అన్నదే ముఖ్యం.

ఇప్పుడు సిరప్ సంగతి. ఇది కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఎందుకంటే మన దగ్గర గినీ పిగ్స్ చాలావరకు నెమ్ము వల్ల కాదు, నెమ్ముకి ఇంట్లో చేసిన వైద్యం వల్ల పోతున్నాయని నా అభిప్రాయం. అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతి మందు. పిల్లలకి రోజూ వేస్తున్నాం కదా, ఇంత చిన్న ప్రాణికి రెండు చుక్కలైతే ఏమవుతుంది అనిపిస్తుంది. సమస్య మోతాదులో లేదు. గినీ పిగ్ తిన్న గడ్డి అరిగేది పెద్దపేగు మొదట్లో ఉండే పెద్ద సంచిలో, అక్కడుండే మంచి సూక్ష్మజీవుల వల్ల. ఆ జీవుల్లో ఎక్కువ భాగం పెన్సిలిన్ తగిలితే చచ్చే రకం. అవి పోగానే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా ఖాళీ అయిన చోటంతా ఆక్రమించి విషం తయారుచేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి, కడుపు ఉబ్బుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, కొద్ది రోజుల్లో ప్రాణి పోతుంది. చాలామందికి అది మందు వల్ల జరిగిందని కూడా తెలియదు, "జలుబు ముదిరింది" అనుకుంటారు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. పెన్సిలిన్‌ని 1940 మేలో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ అనే శాస్త్రవేత్త బృందం మొదట ఎలుకల మీద పరీక్షించి చూసింది, మందు పడినవి బతికాయి. గినీ పిగ్స్‌కి అదే మందు విషమని 1943లోనే శాస్త్రవేత్తలు రాశారు. ఫ్లోరీ ఎలుకలకి బదులు వీటిని ఎంచుకుని ఉంటే పెన్సిలిన్ కథ ఆ గదిలోనే ముగిసిపోయేదేమో అని వైద్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎనభై ఏళ్లు దాటినా ఆ కబురు మన మెడికల్ షాపు కౌంటర్ దాకా రాలేదు. ఆ అబ్బాయిని తప్పు పట్టను, మీరు అడిగారు, అతనికి తెలిసింది ఇచ్చాడు.

అమాక్సిసిలిన్ ఒక్కటే కాదు. యాంపిసిలిన్, సెఫలెక్సిన్ లాంటివి, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఇవేవీ నోటితో వెయ్యకూడదు. పెన్సిలిన్ ఇంజెక్షన్ కూడా వద్దు. ఈ పేర్లు కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. పశువైద్యుడికి నేర్పుతున్నట్టుంటుందేమో అని మొహమాటపడకండి. రోజంతా గేదెల్నీ కుక్కల్నీ చూసే డాక్టరుకి గినీ పిగ్ ఏడాదికి ఒకటో రెండో వస్తుంది, "సార్, వీటికి పెన్సిలిన్ పడదట కదా" అని మర్యాదగా అంటే మంచి డాక్టరెవరూ తప్పుగా అనుకోరు. వీటికి మామూలుగా వాడేవి ఎన్రోఫ్లాక్ససిన్, డాక్సీసైక్లిన్, ట్రైమెథోప్రిమ్ సల్ఫా లాంటివి. ఏది, ఎంత, ఎన్ని రోజులు అన్నది లడ్డు బరువు చూసి, ఛాతీ విని డాక్టరు చెప్పాలి, నేను ఇక్కడి నుంచి చెబితే నేనూ ఆ మెడికల్ షాపు అబ్బాయి లాంటివాణ్ణే అవుతాను. మనుషుల దగ్గు సిరప్‌లు, పారాసిటమాల్ చుక్కలు కూడా వద్దు.

క్లినిక్‌లో కాదన్నారని రాశారు. ముందు మీ ఊళ్లోనే ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి వెళ్లండి, లేదా ఇంకో ఇద్దరు ముగ్గురు పెట్ డాక్టర్లకి ఫోన్ చేసి "గినీ పిగ్, ఊపిరి ఇబ్బంది, గడ్డి తినడం లేదు" అని మూడే ముక్కలు చెప్పి అడగండి. ముచ్చటగా పెంచుకుంటున్నాం అని మొదలుపెడితే సగంలో ఫోన్ పెట్టేస్తారు. ఎక్స్‌రే, ఆక్సిజన్ దాకా అవసరమైతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, మీకు మూడు గంటల దూరం. హైదరాబాద్ వైపు పాఠకులకి రాజేంద్రనగర్, రాయలసీమ వాళ్లకి తిరుపతి కళాశాలలు ఉన్నాయి. అయితే ఈ ఎండల్లో పట్టపగలు మామూలు బస్సులో తీసుకెళ్లకండి, ఊపిరి సరిగ్గా ఆడని గినీ పిగ్‌ని ఎండే చంపేస్తుంది. తెల్లవారుజామున బయల్దేరండి, లేదా ఏసీ కారు చూసుకోండి. గాలి ఆడే బుట్టలో పాత తువ్వాలు పరిచి, గుప్పెడు గడ్డి వేసి తీసుకెళ్లండి. దూరం వెళ్లాల్సి వచ్చినా మీ ఊరి డాక్టరు చేత వైద్యం మొదలుపెట్టించాకే వెళ్లండి.

డాక్టరుని చూసేలోపు మీ చేతిలో ఉన్నది దాని కడుపు. ఉత్తరంలో నన్ను బాగా కలవరపెట్టింది తుమ్ములు కాదు, గడ్డి ముట్టడం లేదన్న మాట. వీటి పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి, సగం రోజు ఏమీ తినకపోతే పేగుల కదలిక మందగిస్తుంది, రోజు దాటితే ఆగిపోయి గ్యాస్ పట్టి అదే ప్రాణం మీదకి తెస్తుంది. కీరదోస తింటోంది కదా అని సరిపెట్టుకోకండి, కీరదోస దాదాపు నీళ్లే, అందులో పీచు చాలా తక్కువ. మెత్తనివి తిని గడ్డి వదిలేస్తోందంటే పళ్ల సమస్య కూడా ఉండొచ్చు, డాక్టరుని నోరు కూడా చూడమనండి. పెంటికలు చూడండి, చిన్నవైపోయినా తగ్గిపోయినా లోపలికి మేత వెళ్లడం లేదన్నమాటే.

క్రిటికల్ కేర్ అని తిండి మానేసిన వాటికి పట్టే మేత పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది వచ్చేదాకా ఆగకుండా మీ దగ్గరున్న పెల్లెట్లనే, అంటే గుళికల మేతనే, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తగా జావలా చేయండి. సూది తీసేసిన సిరంజీతో పక్క నుంచి, ముందు పళ్ల వెనకున్న ఖాళీలోంచి, ఒక్కో మి.లీ. చొప్పున, నమిలి మింగాక ఇంకొకటి. రోజుకి అయిదారు సార్లు, ఒక్కోసారి 10 మి.లీ. దాకా వెళ్తే మంచిదే. వెల్లకిలా పడుకోబెట్టి మాత్రం పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఉన్న నెమ్ముకి ఇంకో నెమ్ము తోడవుతుంది. డొక్కలెగరేస్తూ రొప్పుతున్నప్పుడు నోట్లో ఏమీ పోయకండి, అప్పుడు ముందు కావాల్సింది ఆక్సిజన్. తడి దూదితో ముక్కు మీది పొక్కులు మెత్తబడేలా తుడవండి. ఇంట్లో నెబులైజర్ ఉంటే ఉత్త సెలైన్‌తో పెట్టొచ్చు, అది కూడా డాక్టరుని అడిగాకే.

సాంబ్రాణి గురించి. మీ అత్తగారు ప్రేమతోనే పట్టారు, పసిపిల్లలకి స్నానం చేయించి పొగ పట్టిన చెయ్యి కదా అది. కానీ ఈ ముక్కుకి పొగ పనికిరాదు. సాంబ్రాణి ఒక్కటే కాదు, అగరొత్తులు, దోమల చక్రం, ప్లగ్‌లో పెట్టే దోమల మందు, రూమ్ స్ప్రే, ఎండుమిర్చి పోపు ఘాటు, ఇవన్నీ ఆ గదిలోకి రాకూడదు. విక్స్, అమృతాంజన్, నీలగిరి తైలం లాంటివి ఒంటికి అసలు రాయకండి, నాకేసుకుంటాయి కూడా. దోమలకి పంజరం మీద దోమతెర కప్పండి. పంజరం పూజగదికీ వంటింటికీ దూరంగా ఉంటే సగం గొడవ పోతుంది, అత్తగారితో కూడా పేచీ ఉండదు.

మీరు రాయలేదు గానీ కింద ఏం పరుస్తున్నారో చూసుకోండి. అడితి నుంచి తెచ్చిన రంపపు పొట్టు అయితే ఈ రోజే మార్చేయండి, ఆ దుమ్ము ముక్కుల్లోకి పోతుంది, కొన్ని చెక్కల ఘాటు కూడా చెడ్డదే. న్యూస్ పేపర్ మీద పాత నూలు బట్ట పరిస్తే చాలు. తడి రోజూ తియ్యాలి, వాటి మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా ముక్కు లోపలి పొరని తినేస్తుంది, పొర దెబ్బతింటే బ్యాక్టీరియాకి తలుపులు తీసినట్టే. వంగి పంజరం నేల దగ్గర ముక్కు పెట్టి చూడండి, మీకే ఘాటు తగిలితే అంతకన్నా కింద పడుకునే దానికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎండాకాలం కాబట్టి చల్లదనం కావాలి, 18 నుంచి 24 డిగ్రీల మధ్య వీటికి హాయి, 30 దాటితే వడదెబ్బ భయం. ఏసీ ఉంటే వెయ్యండి, గాలి తిన్నగా పంజరం మీద పడకుండా చూడండి. కూలర్ అయితే గదంతా చెమ్మ చేస్తుంది, గోదావరి ఒడ్డున మీకు చెమ్మ ఇప్పటికే ఎక్కువ, కిటికీ తీసి ఉంచండి.

ఇక ల్యాబ్రడార్. చూడకుండా తేల్చి చెప్పలేను గానీ నా అనుమానం దాని మీదే. కుక్కల్లో వచ్చే ఆ గట్టి దగ్గు వెనక తరచుగా ఉండేది బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే బ్యాక్టీరియా. కుక్కకి అది కొన్నాళ్ల దగ్గు, కుందేలైతే అసలు ఏ లక్షణమూ లేకుండా మోసుకు తిరుగుతుంది, గినీ పిగ్‌కి వస్తే మాత్రం నెమ్ములోకి దిగుతుంది. అందుకే కుందేళ్లనీ వీటినీ ఒకే పంజరంలో పెట్టకూడదంటారు, పెట్ షాపుల్లో పెట్టేది మాత్రం అలాగే. స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే అనేది ఇంకో దొంగ. కుక్క వచ్చి వెళ్లిన సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి, మందు ఎంచుకోవడానికి పనికొస్తుంది.

ఒకే కుక్క దగ్గిన ఇంట్లో లడ్డు పడిపోయి బూందీ బాగానే ఉండటానికి ఒక కారణం సి విటమిన్ కావచ్చు. మనలాగే వీటి ఒంట్లో అది తయారవదు. నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు 1907లో గినీ పిగ్స్‌కి ఉత్త ధాన్యం పెట్టి చూస్తే ఓడల్లో నావికులకి వచ్చే స్కర్వీ వీటికీ వచ్చింది, ఆ విటమిన్ దొరకడానికి దారి పడింది అక్కడే. రోజుకి 10 నుంచి 30 మి.గ్రా. కావాలి, జబ్బులో ఇంకా ఎక్కువ. పెల్లెట్లలో ఉంటుంది కదా అంటారు, తయారైన మూడు నెలలకి అందులో చాలావరకు పోతుంది, మన వేడికి ఇంకా ముందే. నీళ్లలో కలిపే చుక్కలు గంటల్లోనే పాడవుతాయి, పైగా రుచి మారి నీళ్లు తాగడం మానేస్తాయి. పావు క్యాప్సికం కాయ, కాస్త కొత్తిమీర, చిన్న జామ ముక్క, ఇవి రోజూ పెడితే సరిపోతుంది. జామలో తీపి ఉంది, కాబట్టి బొటనవేలంత చాలు. గడ్డికి గరిక, మందులు కొట్టని చోటుది, కడిగి పెట్టండి. వరిగడ్డి వద్దు, దుమ్ము ఎక్కువ, సత్తువ తక్కువ. జబ్బు తగ్గేదాకా ఎంత సి విటమిన్ మందుగా ఇవ్వాలో డాక్టరుని అడగండి.

బూందీని వేరు చేయండి. కలిసి ఉన్నవే కాబట్టి సోకాల్సింది ఈపాటికి సోకే ఉంటుంది, అయినా ఎవరు తిన్నారో, పెంటికలు ఎవరివో మీకు తెలియాలంటే వేరే పంజరం ఉండాలి. ఒకదానికొకటి కనబడేంత దూరంలో పెట్టండి, ఒంటరైతే బెంగతో ఉన్న తిండి కూడా మానేస్తాయి. గిన్నెలు వేరు, ముందు బూందీ పని చూసి తర్వాత లడ్డుని ముట్టుకోండి. రెండింటినీ రోజూ ఒకే టైముకి వంటింటి తూకం మిషన్ మీద పెట్టి బరువు రాయండి, ఇరవై ముప్పై గ్రాములు అటూ ఇటూ అయితే పర్వాలేదు, 50 గ్రాములు దాటి తగ్గితే తుమ్మినా తుమ్మకపోయినా బూందీని కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ఈ తూకం పని మీ బాబుకి అప్పగించండి, పిల్లలు ఇలాంటివి మనకంటే శ్రద్ధగా చేస్తారు.

బాబుకి అంటుకుంటుందా అంటే, ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి ఆ భయం చాలా తక్కువ. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగమనండి, ముఖానికి ఆనించుకుని ముద్దులాడటం కొన్నాళ్లు ఆపమనండి, అంతే. ఇంట్లో ఎవరైనా కీమో తీసుకుంటున్నా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నా వాళ్లు మాత్రం దూరంగా ఉండాలి. తిరగేసి కూడా ఆలోచించండి, బాబుకి జలుబు ఉన్న రోజున వాడు లడ్డు దగ్గరికి వెళ్లకపోవడమే మేలు.

మందు మొదలుపెట్టాక రెండు మూడు రోజుల్లో చురుకు వస్తుంది, అప్పుడు ఆపేస్తారు చాలామంది. కోర్సు రెండు మూడు వారాలుంటుంది, డాక్టరు ఆపమన్నదాకా వెయ్యండి. ఆ మధ్యలో విరేచనాలు పట్టుకున్నా తిండి తగ్గినా అదే రోజు డాక్టరుకి ఫోన్ చెయ్యండి, పడే మందైనా ఒక్కోదానికి పడకపోవచ్చు. తగ్గి, మందు ఆపాక కూడా బరువు నిలబడితే అప్పుడు బూందీతో కలపండి. ఆడపడుచు గారికి కూడా ఒక మాట చెప్పండి, ల్యాబ్రడార్‌కి ఆ దగ్గు రాకుండా టీకా ఉంది, వేయించుకోవచ్చు. కుక్క మళ్లీ వస్తే పంజరం ఉన్న గది తలుపు వేసి ఉంచండి.